ఐదో శీలం: మందు, మజా, పమాదం



విహారంలో పంచశీల చెప్పుకునేటప్పుడు ఒక సంగతి గమనించే ఉంటారు. మొదటి నాలుగు శీలాల వరకూ గొంతులు గట్టిగానే వినిపిస్తాయి. ఐదోది వచ్చేసరికి కొన్ని గొంతులు తగ్గుతాయి. కొందరు పక్కవాళ్ళని చూసి చిన్నగా నవ్వుకుంటారు. ఆ నవ్వులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. 'ఇది మనవల్ల అయ్యేదేనా' అనే సందేహం ఉంది. 'చంపకు, దొంగిలించకు అన్నారంటే అర్థముంది, తాగొద్దు అన్నదాన్ని కూడా వాటి పక్కన ఎందుకు పెట్టారు' అనే ప్రశ్న కూడా ఉంది.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో 17వది కూడా ఇదే. అంటే పంచశీలలో ఒకసారి, ప్రతిజ్ఞల్లో ఒకసారి మనం ఈ మాట ఇచ్చాం. భూమి లేదు, ఉద్యోగం లేదు, ఊళ్ళో గౌరవం లేదు, ఇన్ని పెట్టుకుని తాగుడు మీద ఎందుకంత పట్టు?

దీనికి జవాబు మన నోట్లో నానుతున్న మాటల్లోనే వెతుకుదాం. హద్దు మీరడానికి తెలుగులో చాలా మాటలున్నాయి. వాటిలో కొన్ని మనల్ని తిట్టడానికి పనికొచ్చాయి. కొన్ని మనకి సరుకు అమ్మడానికి పనికొచ్చాయి. మనల్ని మేల్కొల్పే మాట ఒకటుంది. అది ధమ్మం ఇచ్చింది.

తిట్టిన మాటలు

దొర తాగితే విందు. కూలోడు తాగితే తాగుబోతు. దొర రాత్రంతా ఆటపాటలు చూస్తే విలాసం, వైభోగం, రసికత. మనవాడు గంటసేపు గంతులేస్తే 'తాగి తందనాలు'. చేసే పని ఒకటే అయినా, చేసేవాడి వాకిలి ఏ దిక్కున ఉందో చూసి పేరు పెట్టారు.

ఆ పేర్లు ఎక్కడ నుంచి తెచ్చారో చూడండి. తందాన అనేది మన కథాగాయకుల వంతపాట. 'చిందులు తొక్కుతున్నాడు' అని ఒళ్ళు తెలియకుండా ఎగిరేవాణ్ణి అంటారు. చిందు అంటే లయకు వేసే అడుగు. మాదిగల ఆశ్రిత కులంగా బతికిన చిందు కళాకారులు జాంబపురాణం చెప్పుకుంటూ తరతరాలుగా కాపాడిన యక్షగానం పేరు అది. చిందుల ఎల్లమ్మ బతుకంతా ఆడిన కళ. 2024లో గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ తెచ్చిన కళ. తాళం ఒక్కటి తప్పినా నిలబడని కళకి ఉన్న పేరే, ఏ తాళమూ లేని తైతక్కలకి పేరైంది. సొంత గొప్పలు చెప్పుకునేవాణ్ణి 'డప్పు కొట్టుకుంటున్నాడు' అంటారు. చావుకీ పెళ్ళికీ ఊరందరి కోసం డప్పు కొట్టినవాడు తన కోసం ఏనాడు కొట్టుకున్నాడు?

'రచ్చ' సంగతి చూస్తే మరీ విడ్డూరం. రచ్చ అంటే నలుగురు కూడి న్యాయం చెప్పే చోటు. 'ఇంట గెలిచి రచ్చ గెలువు' అనే సామెతలో ఉన్నది ఆ రచ్చే. రచ్చబండ మీద కూర్చునే హక్కు మన తాతలకి లేదు. 'వాడలో రచ్చ చేస్తున్నారు' అనే పేరు మాత్రం మనకు దక్కింది.

ఈ తిట్లు వినీ వినీ మనలో రెండు రకాల మనుషులు తయారయ్యారు. ఒకరు సిగ్గుపడేవారు. నాలుగక్షరాలు చదివి ఉద్యోగం రాగానే డప్పు చప్పుడు వినిపిస్తే కిటికీ మూసుకుంటారు. బౌద్ధం అంటే నెమ్మదిగా మాట్లాడటం, తెల్లబట్టలు కట్టుకోవడం, వాడకి దూరంగా ఉండటం అనుకుంటారు. ఇంకొకరు ఎదురు తిరిగేవారు. 'మా తిండి మా ఇష్టం, మా తాగుడు మా ఇష్టం, శీలం గీలం అన్నీ బాపనోళ్ళ మాటలు' అంటారు. మన తిండి మన హక్కు, అందులో రెండో మాట లేదు. కానీ తిండి ఒకటి, మత్తు ఒకటి. పళ్ళెంలో ఏముందో చూసి మనల్ని అంటరానివాళ్ళని చేసినవాడి మీద కోపంతో, మన ఇంటి రూకలన్నీ గ్లాసులో పోసుకుంటే నష్టపోయేది ఎవరు?

సిగ్గుపడేవాడు, తెగించేవాడు ఇద్దరూ తిట్టినవాడి వాక్యంలోనే ఉన్నారు. ఒకడు ఆ తిట్టు తగలకుండా తప్పుకుంటున్నాడు, ఒకడు దాన్ని తొడుక్కుని ఊరేగుతున్నాడు. ధమ్మదీక్ష తీసుకున్నది ఆ వాక్యంలో నుంచే బయటికి రావడానికి.

అమ్మిన మాటలు

తిట్టు మాటలు ఒకవైపు అయితే తీపి మాటలు మరోవైపు. అన్నిటికన్నా తెలివైనది 'మందు'. జబ్బు చేసినవాడు ఆసుపత్రికి మందు కోసం వెళతాడు. ఒళ్ళు బాగున్నవాడు బెల్టు షాపుకి మందు కోసం వెళతాడు. ఒకే మాట. అలాగే దావత్, పార్టీ, సిట్టింగు, ఎంజాయ్, పండగ చేసుకోవడం. వీటిలో ఎక్కడైనా అప్పు వినిపిస్తోందా? కాలేయం వినిపిస్తోందా? అర్ధరాత్రి తలుపు చప్పుడుకి ఉలిక్కిపడి లేచే పిల్ల వినిపిస్తోందా? అమ్మేవాడికి కావాల్సింది అదే. సరుకు నిజం సీసాలో ఉంటుంది, అబద్ధం పేరులో ఉంటుంది.

1980ల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సారాని ప్యాకెట్లలో పోసి పల్లెపల్లెకీ చేర్చింది. ఆ పథకానికి పెట్టిన పేరు 'వారుణి వాహిని'. వాహిని అంటే నది. తాగునీళ్ళు రాని వాడలోకి సారా నది వచ్చింది!

ఈ వారుణి అనే మాటకి మన సాహిత్యంలో ఒక కథ ఉంది. కుంభ జాతకం. సుర అనే అడవి మనిషికి ఒక చెట్టు తొర్రలో నిలిచిన నీళ్ళు కనిపించాయి. కాయలూ గింజలూ రాలిపడి, ఎండకి పులిసిపోయిన నీళ్ళు. పక్షులు తాగి కిందపడి, కాసేపటికి లేచి ఎగిరిపోవడం చూశాడు. తనూ తాగాడు. వరుణుడనే తాపసికీ పోశాడు. వాళ్ళిద్దరి పేర్ల మీదే సుర, వారుణి అనే పేర్లు వచ్చాయంటుంది కథ. ఇద్దరూ కలిసి ఊరూరా అమ్ముతూ శ్రావస్తి చేరారు. అక్కడ జాడీల నిండా సారా పోసి, ఎలుకలు రాకుండా ఒక్కో జాడీకి ఒక్కో పిల్లిని కాపలా కట్టారు. జాడీల నుంచి కారిన సారా నాకి పిల్లులు నిద్రపోయాయి. ఎలుకలు వచ్చి వాటి చెవులూ ముక్కులూ కొరికేశాయి.

చివరికి రాజు తాగడానికి కూర్చుంటే శక్కుడు ఒక కుండతో వచ్చి 'కొంటారా?' అని అడుగుతాడు. శక్కుడంటే దేవుడు గదా అని నొచ్చుకోకండి, ఇక్కడ అతను కథలో ఒక పాత్ర. అతని వ్యాపారం తీరే వేరు. ఈ కుండలో ఉన్నది తాగితే బట్ట ఊడినా తెలియదు, కన్నవాళ్ళ మీద చెయ్యెత్తుతారు, ఉన్న ఆస్తి ఊడ్చుకుపోతుంది, తీసుకోండి అంటూ ఒక్కొక్కటే చెబుతాడు. సరుకులో ఉన్నదంతా చెప్పి అమ్మే వ్యాపారి! విన్న రాజు కుండలన్నీ పగలగొట్టిస్తాడు.

మనకు అలాంటి రాజు దొరకలేదు. కుండలు పగలగొట్టింది మన ఆడవాళ్ళే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వయోజన విద్య తరగతుల్లో అక్షరాలు దిద్దుకున్న స్త్రీలు, రోసమ్మలాంటి వాళ్ళు, ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. దళిత, వెనుకబడిన కులాల కూలి తల్లులు జిల్లా జిల్లాలో కదిలారు. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో సడలించారు, అది వేరే కథ. మనం గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, ఆ తల్లులు దాన్ని వాహిని అనలేదు, మందు అనలేదు. మా కూలి డబ్బులు అన్నారు, మా పిల్లల కూడు అన్నారు. చదువు వచ్చిన మొదటి ఏడాదే సరుకుకి సరైన పేరు పెట్టారు.

'అలిసిన ఒంటికి తప్పదు' అనే మాట

ఇక్కడ ఒక అన్న లేచి అడుగుతాడు. "మీరు చెప్పేది బాగానే ఉంది. మురుగు కాలవలోకి దిగేవాడు తాగకుండా దిగగలడా? రోజంతా బస్తాలు మోసినవాడికి ఒళ్ళు నొప్పులకి ఇంకేముంది?"

ఇది నవ్వి కొట్టిపారేసే ప్రశ్న కాదు. ఏసీ గదిలో కూర్చుని ఈ ప్రశ్న అడిగినవాణ్ణి తిట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ కంపులో దిగినవాడు సీసా పట్టుకున్నాడంటే, వాడి ముందు శీలం పుస్తకం పెట్టడం కన్నా ముందు చేయాల్సిన పని ఉంది. అయినా ఆ మాటని పూర్తిగా ఆలోచిద్దాం. మత్తు ఆ పనిని ఆపుతుందా? ఆపదు. ఆ పనిని భరించేలా చేస్తుంది. ఇవాళ భరించాడు కాబట్టి రేపు కూడా పిలుస్తారు. వాడు భరించడం వల్లే యంత్రం కొనాల్సిన అధికారికి తొందర లేదు. అంటే ఈ 'మందు' తాగేది కూలివాడు, ఉపశమనం కలిగేది కాంట్రాక్టరుకి.

మనుషులతో మలం ఎత్తించడాన్నీ, రక్షణ లేకుండా మురుగులోకీ సెప్టిక్ ట్యాంకుల్లోకీ దించడాన్నీ నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. మురుగు కాలవల్లో చనిపోయినవారి కుటుంబాలకి 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా చావులు ఆగలేదు. ఆ వార్తలో ఒక మాట చూస్తాం: 'ప్రమాదవశాత్తు మృతి.'

ఆ మాట దగ్గర ఆగుదాం. మన ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

ధమ్మం ఇచ్చిన మాట

ఐదో శీలాన్ని పాళీలో చెప్పేటప్పుడు మూడు రకాల మత్తు చెబుతాం: సుర, మేరయ, మజ్జ. వెంటనే రెండు మాటలు వస్తాయి: పమాద, ఠాన. ఠానం అంటే స్థానం, నిలబడే చోటు. మత్తు పదార్థం పమాదం నిలబడే చోటు, అందుకని దానికి దూరంగా ఉంటానని మనం మాట ఇస్తున్నాం. శీలం అసలు గురి పమాదం మీద.

పమాదం అంటే ఎరుక తప్పడం. చేయాల్సిన పని మీద చూపు లేకపోవడం. పాళీ పమాదమే సంస్కృతంలో, తెలుగులో ప్రమాదం. అయితే మన వాడుకలో అర్థం జారిపోయింది. ప్రమాదం అంటే జరిగిపోయిన కీడు, ఎవరూ చేయకుండా దానంతటదే జరిగినది అనుకుంటున్నాం. బుద్ధుడి మాట జరిగినదాని వెనక్కి వెళ్ళి, ఎవరి ఎరుక తప్పడం వల్ల జరిగింది అని అడుగుతుంది. ఇప్పుడు ఆ పేపరు వార్త మళ్ళీ చదవండి. మురుగులో మనిషి చనిపోయాడు. పమాదం ఎవరిది? దిగినవాడిదా? చట్టం తెలిసి దించినవాడిదా? తనిఖీ చేయాల్సి ఉండి సంతకం పెట్టి ఊరుకున్నవాడిదా?

తిట్టు మాటలకీ ఈ మాటకీ తేడా ఇదే. 'తాగుబోతు' అనే మాట కులం చూస్తుంది. పమాదం అనే మాట ఎరుక చూస్తుంది. అది దొరకీ వర్తిస్తుంది, కూలికీ వర్తిస్తుంది.

ఇంకా లోపలికి వెళదాం. మద్యం, మదం, ప్రమాదం, ఉన్మాదం: ఈ నాలుగూ ఒక్క కడుపున పుట్టిన మాటలు. అభిధమ్మ పిటకంలోని విభంగ గ్రంథంలో మదాల పట్టిక ఒకటుంది. అందులో మొట్టమొదటిది ఏదనుకున్నారు? జాతిమదం. ఫలానా కడుపున పుట్టానన్న మత్తు. రెండోది గోత్తమదం, వంశం మత్తు. ఆ తర్వాతే ఆరోగ్యం, యవ్వనం, బతుకు, లాభం వగైరా. ఒక్క చుక్క ముట్టకుండా మూడు వేల ఏళ్ళు మత్తులో ఉండవచ్చని కులం రుజువు చేసింది. పొద్దున్నే స్నానం చేసి మడి కట్టుకుని, నీళ్ళ కుండ తాకిన పిల్లవాణ్ణి కొట్టినవాడు తాగి లేడు. కానీ వాడు పమాదంలో ఉన్నాడు.

ఐదో శీలం తీసుకోవడం అంటే మనల్ని తిట్టినవాడి తిట్టు ఒప్పుకోవడం కాదని ఇప్పుడు తెలుస్తుంది. వాడూ మనమూ కలిసి నిలబడాల్సిన కొలబద్ద దగ్గరికి మనం ముందుగా వెళ్ళి నిలబడుతున్నాం.

మిగతా నాలుగు శీలాలకి ఇది కాపలా కూడా. చంపను, దొంగిలించను, తప్పు నడవను, అబద్ధమాడను అని మాట ఇచ్చినవాడి ఎరుకే నిద్రపోతే ఆ నాలుగు మాటలకీ దిక్కెవరు? జాడీ పక్కన పడుకున్న పిల్లిని గుర్తు చేసుకోండి. బుద్ధుడు తన చివరి మాటల్లో భిక్షువులకి చెప్పిన మాట అప్పమాదం. నలభై అయిదేళ్ళు బోధించినదాన్ని ఆ ఒక్క మాటలో కట్టి ఇచ్చాడు.

తాగనివాడి పమాదం

'నేను తాగను, నాకీ పుస్తకంతో పనిలేదు' అనుకునే అన్నలూ అక్కలూ ఉన్నారు. కాస్త ఆగండి.

సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు సిగాలుడనే గృహస్థుడికి సొమ్ము కారిపోయే ఆరు తూములు చూపించాడు. తాగుడు వాటిలో ఒకటి మాత్రమే. వేళ కాని వేళ వీధులు పట్టి తిరగడం, ఎక్కడ ఆట ఎక్కడ పాట అని వేడుకల వెంట పరుగెత్తడం, జూదం, చెడు సావాసం, సోమరితనం మిగతా అయిదు. ఇవాళ వీధులు పట్టి తిరగడానికి చెప్పులేసుకోనక్కర్లేదు, ఫోను చాలు. రాత్రి పదింటికి పట్టుకుంటే రెండింటికి గానీ కిందపెట్టం. జూదగాళ్ళ చావడీ జేబులోకే వచ్చింది. 'ఒక్క ఆట' అని మొదలుపెట్టి, పిల్ల ఫీజు డబ్బులు రమ్మీలో పోసిన తండ్రి ఒక్క చుక్క తాగి ఉండడు.

మన ఉద్యమంలో కూడా ఒక మత్తు ఉంది. ఏప్రిల్ 14 వస్తుందంటే పది రోజుల ముందు నుంచి ఊపు. ఫ్లెక్సీలు, డీజే, బైకు ర్యాలీ, అర్ధరాత్రి దాకా ఎగరడం. 15న తెల్లారేసరికి విగ్రహం దగ్గర ఖాళీ సీసాలు. బాబాసాహెబ్ విగ్రహం కింద! ఇక ఏడాది పొడుగునా హాస్టల్లో పురుగుల అన్నం తింటున్న పిల్లల్ని చూడటానికి ఒక్కడూ వెళ్ళడు, గ్రామసభకి ఒక్కడూ రాడు. పదిరోజులు ఉప్పొంగి పదకొండు నెలలు పడుకునేదాన్ని ఉద్యమం అందామా, పూనకం అందామా? ఉపకులాల పేరుతో మనలో మనం రాత్రంతా ఫోనుల్లో తిట్టుకోవడం కూడా ఇలాంటిదే. అది జాతిమదం, మన వాటాకి వచ్చిన చిన్న సీసా.

దీనికీ ధమ్మంలో మాట ఉంది: అనుయోగం. ఒకదానికి కాడి కట్టుకుని దాని వెంటే పోవడం. మొదటి ప్రవచనంలో బుద్ధుడు రెండు అనుయోగాలు వదలమన్నాడు. ఒకటి సుఖాల్లో మునిగిపోవడం, రెండోది ఒంటిని హింసించుకోవడం. రెండింటికీ ఒకే మాట వాడటంలో అర్థముంది. రాత్రంతా తాగేవాడూ, తిండీ నిద్రా మాని ఇల్లు పట్టకుండా తిరిగి తిరిగి ఒకరోజు కుప్పకూలే కార్యకర్తా ఒకే కాడి కింద ఉన్నారు. మధ్యేమార్గం అంటే చప్పగా బతకడం అనుకోవద్దు. పగ్గం మన చేతిలో ఉంచుకుని బతకడం.

ప్రమాదం వేరు, ప్రమోదం వేరు

'మరి సంతోషంగా ఉండొద్దా?' అని కుర్రాళ్ళు అడుగుతారు. అడగాలి. సంతోషం లేని ధమ్మాన్ని ఎవరూ పట్టుకోరు.

ప్రమాదానికీ ప్రమోదానికీ ఒక్క అక్షరం తేడా. ప్రమోదం అంటే ఆనందం. పాళీలో పామోజ్జం అంటారు. మనసు తేటపడే దారిలో దానికి చోటిచ్చాడు బుద్ధుడు. ముదిత, అంటే ఎదుటివాడి మంచికి సంతోషించడం, నాలుగు బ్రహ్మవిహారాల్లో ఒకటి. అంటే ధమ్మం ఆనందాన్ని కాదనలేదు. ఆ రెండింటినీ తేడా తెలుసుకుని పట్టుకోమంది.

తేడా ఎలా తెలుస్తుంది? మర్నాడు పొద్దున అడగండి. ప్రమోదం అయితే నిన్నటి రాత్రి గుర్తుంటుంది, తలుచుకుంటే మళ్ళీ బాగుంటుంది, పక్కవాడు దగ్గరవుతాడు. ప్రమాదం అయితే నిన్నటి రాత్రి గురించి ఇంట్లోవాళ్ళు చెబితే తెలియాలి, జేబు తడుముకోవాలి, ఎవరి ముఖమో తప్పించుకోవాలి. ఈ పరీక్షకి గురువు అక్కర్లేదు.

ఈ లెక్కన డప్పు ఎటు పడుతుంది? డప్పు ప్రమోదం. మంట మీద కాచి, తోలు బిగిసిందో లేదో వేలితో మీటి చూసి, పదిమంది ఒక్క దరువు మీద నిలబడాలంటే ఎంత ఎరుక కావాలి! చిందు కూడా అంతే. వాటిని విహారం నుంచి వెళ్ళగొట్టొద్దు, లోపలికి పిలవండి. వాటి పక్కన చేరిన సీసాని మాత్రం బయట పెట్టండి. మన కళల పేర్లని తిట్లుగా మార్చినవాళ్ళకి అంతకన్నా మంచి జవాబు లేదు.

చేయాల్సిన పనులు చిన్నవే. పెళ్ళికో చావుకో అప్పు చేసి తాగించడం మీ ఇంటి నుంచి మానండి. 'అందరూ ఏమనుకుంటారో' అని బంధువులు అంటే, ఈ డబ్బు ఫలానా పిల్ల చదువుకి ఇస్తున్నాం అని అందరి ముందూ చెప్పండి. తాగుడు మానాలనుకునే తమ్ముణ్ణి ఎగతాళి చేయొద్దు, ఆదివారం పక్కన కూర్చోబెట్టుకోండి. ఒళ్ళు వణికే దాకా వెళ్ళినవాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, అక్కడ దొరికేది అసలు మందు. మురుగులోకి మనిషిని దించుతుంటే ఆపండి, 2013 చట్టం పేరు చెప్పండి. అది కూడా ఐదో శీలమే. ఏప్రిల్ 14న విగ్రహం దగ్గర డప్పు మోగించండి, 15న హాస్టలుకి వెళ్ళండి.

ఇంట్లో ఈరోజు నుంచే ఒకటి మొదలుపెట్టవచ్చు. దాన్ని మందు అనడం మానేద్దాం. సారా అంటే సారా, మద్యం అంటే మద్యం. పిల్లలు వింటున్నారు. వాళ్ళకి మందు అంటే జ్వరం తగ్గించేదిగానే తెలియనిద్దాం.

వచ్చే ఆదివారం ఐదో శీలం దగ్గర గొంతు తగ్గించకండి. గట్టిగా చెప్పండి.

అప్పమాదంతో ఉందాం. జై భీమ్!